ఏటిగట్టు అవతలి ఇంటికి ఫైబర్ లైను తెప్పించుకోవడం ఎలా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. ఇల్లు కోనసీమలో పి.గన్నవరం వైపు, ఏటిగట్టు దిగిన తరువాత కొబ్బరితోట మధ్యలో ఉంది. ఊళ్లో ఫైబర్ పెట్టె ఉన్న ఆఖరి స్తంభం నుంచి మీ గుమ్మం వరకు సుమారు 800 మీటర్లు ఉంటుంది. ఆ మధ్యలో ఒక పంట కాలువ, ఏటిగట్టు, ఇద్దరు రైతుల తోటలు ఉన్నాయి. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్న మీ కోడలికి సెల్ సిగ్నల్ మేడ మీద తప్ప అందడం లేదు. ఇద్దరు ఆపరేటర్ల మనుషులు వచ్చి చూసి, "ఇక్కడికి ఫీజిబిలిటీ లేదండి" అని, అంటే లైను ఇవ్వడం కుదరదని చెప్పి వెళ్లిపోయారు. ఇక ఫైబర్ మీద ఆశ వదులుకోవలసిందేనా అని మీరు అడుగుతున్నారు.

వదులుకోనక్కరలేదు. రాగి తీగల టెలిఫోన్ కేబుళ్ల కాలం నుంచి డెల్టాలో లైన్ల పని చేసినవాడిగా నేను చెప్పగలిగినది ఏమిటంటే, మీ ఇంటికి ఫైబర్ రాకుండా అడ్డుపడుతున్నది దూరం కానే కాదు. ఎవరి భూమి మీదుగా, దేని ఆసరాతో ఆ తీగ రావాలి, తెగితే ఎవరు వచ్చి అతుకుతారు అనే మూడు విషయాలు తేలకపోవడమే అసలు అడ్డంకి. ఆపరేటరు మనిషి వీటిలో ఒక్కదానికైనా తన దగ్గర జవాబు లేనప్పుడు "ఫీజిబిలిటీ లేదు" అంటాడు. ఆ జవాబులు మీరే సిద్ధం చేసి పెట్టుకుంటే అదే మనిషి మాట మారుతుంది.

ముందు దూరం సంగతి లెక్కతో తేల్చుకుందాం, ఎందుకంటే "అంత దూరం సిగ్నల్ రాదండి" అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఇళ్లకు ఇచ్చే ఫైబర్ ఇప్పుడు ఎక్కువగా జీపాన్ పద్ధతిలో ఉంటుంది. ఆపరేటరు ఆఫీసులోని ఓఎల్టీ అనే యంత్రం నుంచి బయలుదేరిన ఒక్క పోగును దారిలో స్ప్లిటర్లు చీల్చి అనేక ఇళ్లకు పంచుతాయి. ఈ పద్ధతిలో 20 కిలోమీటర్ల వరకు లైను వేయవచ్చు. ఎక్కువగా వాడే బి ప్లస్ తరగతి పరికరాలు మొత్తం మీద 28 డీబీల (వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత) నష్టాన్ని తట్టుకుంటాయి, ఇంట్లో పెట్టే ఓఎన్టీ అనే డబ్బా సుమారు మైనస్ 27 డీబీఎం వరకు వెలుగును చదవగలుగుతుంది. డీబీఎం అంటే వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గినట్టు.

ఇప్పుడు మీ ఊరి వంటి ఊరిని తీసుకుందాం. ఓఎల్టీ నుంచి ప్లస్ 3 డీబీఎం వెలుగు బయలుదేరిందనుకోండి. ఆఫీసు నుంచి ఊరికి 8 కిలోమీటర్లు ఉంటే, కిలోమీటరుకు 0.35 చొప్పున 2.8 డీబీలు పోతాయి. ఎనిమిదిగా చీల్చే స్ప్లిటరు ఒక్కొక్కటి పదిన్నర డీబీలు మింగుతుంది కాబట్టి, రెండు స్ప్లిటర్లకు 21 పోతాయి. జాయింట్లకూ కనెక్టర్లకూ కలిపి ఒకటిన్నర వేసుకుందాం. మొత్తం 25.3 పోగా మీ ఊరి పెట్టె దగ్గర మైనస్ 22.3 మిగులుతుంది. అక్కడి నుంచి మీ ఇంటికి 800 మీటర్ల తీగ తినేది 0.28 డీబీ మాత్రమే. రెండు మంచి జాయింట్లు కలిపినా అర డీబీకి మించదు. అంటే మీ గుమ్మం దగ్గర మైనస్ 23కు కాస్త ఇటుగా ఉంటుంది, లైను నిక్షేపంగా పనిచేస్తుంది. చేతితో బిగించిన ఒక్క నాసిరకం కనెక్టరు గాని, మేకు దగ్గర మడత పడిన ఒక్క వంపు గాని ఈ 800 మీటర్లకంటె ఎక్కువ నష్టం తెస్తుంది. వచ్చిన మనిషి వెలుగును కొలిచే పవర్ మీటరుతో ఊరి పెట్టెలో లెవెల్ చూశాడా లేదా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. చూడకుండానే దూరం పేరు చెప్పి ఉంటే ఆ మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. చూసి, అక్కడే మైనస్ 26 ఉందని చెబితే మాత్రం ఆయన చెప్పినది నిజం. అప్పుడు మీ తీగ సంగతి తరువాత, ముందు ఆ పెట్టెకు వచ్చే లైనులో లోపం సరిచేయాలి.

మీ ఊరికి అసలు ఫైబర్ తెచ్చినది ఎవరో కూడా కనుక్కోండి. గ్రామ పంచాయతీల వరకు ఫైబర్ వేయడానికి కేంద్రం 2011లో మొదలుపెట్టిన పథకానికి 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రాష్ట్రంలో 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది; 2017 డిసెంబరులో దానిని రాష్ట్రపతి ప్రారంభించారు. ఇవి కాక బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు కంపెనీలు ఉన్నాయి. బోర్డు మీద పేరు ఏదైనా, ఊళ్లో ఆఖరి తీగ లాగేది చాలాచోట్ల పూర్వం డిష్ కనెక్షన్లు ఇచ్చిన కేబుల్ ఆపరేటరే. కాబట్టి కంపెనీ నంబరుకు పదిసార్లు ఫోను చేయడంకంటె, ఆ ఆపరేటరును ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, ఆయనతో కలిసి ఆ 800 మీటర్లూ నడవడం మేలు. ఆయనకు ఊరి స్తంభాలన్నీ తెలుసు, మీ పక్క తోట రైతు కూడా తెలుసు.

నడిచేటప్పుడు ఆయనను మరో ప్రశ్న అడగండి: "ఆఫీసుకూ నా ఇంటికీ మధ్య కరెంటుతో నడిచే పెట్టె ఏదైనా ఉందా?" నిజమైన జీపాన్ లైనులో మధ్యలో కరెంటు అవసరమే ఉండదు, స్ప్లిటరుకు కరెంటుతో పనిలేదు. కాని కొన్ని ఊళ్లలో ఎవరింటి వరండాలోనో ఒక స్విచ్చు పెట్టి, దాని నుంచి మరికొందరికి లైన్లు లాగుతారు. అలాంటి చోట ఆ ఇంట్లో కరెంటు పోతే మీ నెట్టు కూడా పోతుంది. ఆ ఇంటివారు తిరుపతి వెళ్తూ మెయిన్ ఆపేసి వెళ్తే, వారు తిరిగివచ్చేవరకు మీ కోడలి ఉద్యోగం ఆగినట్టే. కరెంటు పెట్టె ఏదైనా ఆఫీసులోనే ఉండాలని, మీ లైను నేరుగా స్ప్లిటరు నుంచే రావాలని పట్టుబట్టండి.

ఇక దారి. ఇదే అసలైన పని, ఇక్కడ తొందరపడకూడదు.

అందరికీ మొదట తట్టేది కరెంటు స్తంభాలు. మీ ఇంటికి కరెంటు ఏ వైపు నుంచి వస్తున్నదో చూడండి. ఊరి వైపు నుంచే వస్తే సగం చిక్కు తీరినట్టే. అయితే ఆ స్తంభాలు కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌వి. వాటి మీద తీగ వేసుకునే ఒప్పందం ఆపరేటరుకు ఉండాలి. మీరు సొంతంగా వేలాడదీస్తే లైన్‌మన్ వచ్చి కోసేసినా అడగడానికి ఉండదు. పదకొండు వేల వోల్టుల లైను ఉన్న స్తంభాల జోలికి ఎవరినీ పోనివ్వకండి. తీగను రాయి కట్టి కరెంటు తీగల మీదుగా విసిరే కుర్రవాళ్లను నేను చూశాను. అలాంటి పనివారిని ఆ నిమిషంలోనే ఆపించండి, నెట్టు ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు. కరెంటు స్తంభాల మీదుగా ఇంటికి వచ్చే ఆఖరి తీగ, అంటే డ్రాప్ కేబుల్లో ఉక్కు తీగ లేకుండా, ఎఫ్ఆర్‌పీ అనే ప్లాస్టిక్ జాతి పుల్లలు ఉన్న రకాన్నే వేయించాలి. ఉక్కు తీగ ఉన్న కేబులు చవక, బిగించడం తేలిక. కాని గాలికి కరెంటు తీగ తెగి దాని మీద పడితే ఆ ఉక్కు తీగే కరెంటును మీ కిటికీ దాకా మోసుకువస్తుంది, పిడుగు పడినప్పుడూ అంతే. ఫైబరులో వెలుగు తప్ప మరేదీ రాకూడదు.

కరెంటు వేరే వైపు నుంచి వస్తుంటే సొంత స్తంభాలు పాతుకోవాలి. ఇక్కడ చాలామంది పొదుపుకు పోయి కొబ్బరిచెట్లకే మేకు కొట్టి తీగ కట్టేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తరువాత దింపు రోజు వస్తుంది. గెలలు కోసి కింద పడేస్తుంటే చెట్టుకు ఆనుకుని ఉన్న తీగ ఎంతకాలం నిలుస్తుంది? దింపు లేని రోజుల్లో ఎండిన మట్ట రాలుతుంది, ఉడుత కొరుకుతుంది. గాలికి రెండు చెట్లు చెరో వైపు ఊగితే మధ్యనున్న తీగ రోజంతా సాగుతూ ఉంటుంది, పోగు ఒక్కసారిగా తెగకపోయినా కనెక్టరు దగ్గర సడలుతుంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి ఎలా నేలకొరిగిందో చూసినవారు చెట్టును స్తంభంగా నమ్మలేరు. చెట్ల వరుసల మధ్య, మట్టలు అందని చోట, విడిగా స్తంభాలు పాతించండి.

స్తంభానికి సరుగుడు బాదులు చవకే గాని మన తడి నేలలో మట్టి మట్టానికి కుళ్లిపోతాయి. జింకు పూత ఉన్న ఇనుప పైపు, అంటే జీఐ పైపు నిలుస్తుంది. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కాబట్టి మొదలుకు కాంక్రీటు, పైన రంగు తప్పవు. చిన్న సిమెంటు స్తంభం అన్నిటికంటె నమ్మకమైనది. పొడవులో ఆరో వంతు నేలలో ఉండాలన్నది పాత లెక్క. లంక భూముల్లో ఇసుక కలిసిన ఒండ్రు కాబట్టి ఇంకొక అడుగు లోతుకు దించి, మలుపు దగ్గర ఉన్న స్తంభానికి తప్పకుండా అది వాలకుండా పట్టే స్టే తీగ లాగించండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య మామూలు డ్రాప్ కేబుల్ అయితే 40–50 మీటర్లకు మించి పెట్టవద్దు. అంతకంటె దూరం తప్పనిచోట, తన బరువును తానే మోసుకునే ఏడీఎస్ఎస్ రకం కేబుల్ అడగండి. దానిలోనూ లోహం ఉండదు. దారి దాటే చోట ఆరు మీటర్ల ఎత్తుకు తగ్గకూడదు, ఎందుకంటే గడ్డివాము ఎత్తిన ట్రాక్టరు ఎంత ఎత్తు ఉంటుందో మీకు తెలియనిది కాదు.

కాలువ దాటే చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తీగను కాలువ మీద కిందుగా వేలాడనిస్తే వర్షాకాలంలో కొట్టుకువచ్చే గుర్రపుడెక్క దానిని పట్టుకుని లాగేస్తుంది. ఎత్తుగా కట్టినా వేసవిలో మరో ప్రమాదం ఉంది. కాలువలు కట్టేసిన రోజుల్లో పూడిక తీయడానికి పొక్లెయిన్ దిగుతుంది, దాని చేయి లేచినప్పుడు పైనున్న తీగలను ఎవరూ చూడరు. గట్టు పక్కనే పైపు పూడ్చినా అదే పొక్లెయిన్ దానిని తవ్వి పోస్తుంది. ఊరికి రాకపోకలు సాగే కల్వర్టు గాని వంతెన గాని కాస్త చుట్టు తిరిగినా అందుబాటులో ఉంటే, దాని పిట్టగోడ పక్కగా జీఐ పైపులో తీగను దాటించడం ఉత్తమం. అదనంగా 200 మీటర్లు పెరిగినా వెలుగులో పోయేది ఒక డీబీలో పదో వంతు కూడా కాదని పై లెక్క మీకు చెప్పే ఉంటుంది. వంతెన ఏ శాఖదైతే ఆ శాఖ అనుమతిని ఆపరేటరు పేరుతోనే తీసుకోవాలి.

ఏటిగట్టును తవ్వించవద్దు. ఒక్క అడుగు లోతే కదా అని రాత్రికి రాత్రి గట్టుకు అడ్డంగా గాడి తీసి పైపు పెట్టేవారు ఉన్నారు. వరదనీరు గట్టుకు ఆనుకుని రోజుల తరబడి నిలిచినప్పుడు, వదులైన ఆ గాడి వెంటే నీరు ఊరడం మొదలవుతుంది. నీటిపారుదల శాఖవారు దానిని నేరంగా చూస్తారు, చూడాలి కూడా. గట్టుకు ఇటొకటి అటొకటి ఎత్తైన స్తంభాలు వేసి పైనుంచి దాటించండి, గట్టు మీద లారీలు తిరుగుతాయని గుర్తుంచుకుని ఎత్తు నిర్ణయించండి. గట్టు వాలులో గాని దాని అంచున గాని స్తంభం పాతాలన్నా అదే శాఖ అనుమతి కావాలి కాబట్టి, స్తంభాలను గట్టు హద్దుకు వెలుపల, పట్టా భూమిలో పాతుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

భూమిలో పూడ్చడం గురించి మీరు అడగలేదు గాని ఆ ఆలోచన వస్తుంది. తోటలో ఎత్తైన కాలిబాట ఉండి, అది మీదే అయితే, రెండు మూడు అడుగుల లోతులో హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు పరిచి దానిలో తీగ లాగడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, గాలికీ మట్టలకూ భయం లేదు. కాని కోనసీమ తోట ఊరుకునే నేల కాదు. ఈ ఏడాది అరటి గోతులు, వచ్చే ఏడాది కంద. కంద తవ్వే గునపానికి పైపు ఒక లెక్క కాదు. పందికొక్కులు సన్నటి పైపును కొరికేస్తాయి. పూడ్చే తీగ స్తంభాలకు వాడే బల్లపరుపు డ్రాప్ కేబుల్ కాకూడదు. పోగుల చుట్టూ జెల్లీ నింపిన గుండ్రటి కేబుల్, వీలైతే ఆర్మర్ అనే రక్షణ తొడుగు ఉన్నది, వాడాలి. ఆర్మర్ లోహం కాబట్టి దానిని గోడ బయటే ఆపి ఎర్తు చేయాలి. నీరు పైపులో చేరడాన్ని మీరు ఆపలేరు, అందుచేత నేల లోపల ఎక్కడా జాయింటు ఉండకూడదు. నా సలహా అడిగితే, ఇంటి ఆవరణలో ఆఖరి 30–40 మీటర్లు మాత్రం పూడ్చి మిగిలినదంతా పైనే రానివ్వండి. పైనున్నది తెగితే కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఇద్దరు రైతుల విషయం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద వచ్చిన రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. అవి అనుమతి పొందిన టెలికాం సంస్థకు, దారి కోసం దరఖాస్తు పెట్టుకునే మార్గం చూపిస్తాయి. ప్రైవేటు భూమి అయితే యజమానితో మాట్లాడుకుని ఒప్పందానికి రావాలని అంటాయి. చట్టం పేరు చెప్పి పక్క తోటలో తీగ లాగుతానంటే, నెట్టు వచ్చే లోపు హద్దు తగాదా వస్తుంది. రైతు భయం ఏమిటో ఆలోచించండి. ఈరోజు తీగ అంటారు, రేపు దారి అంటారు, ఎల్లుండి హక్కు అంటారు. ఆ భయం తీర్చేలా ఒక తెల్లకాగితం మీద రాసివ్వండి: తీగ హద్దు గట్టు వెంట మాత్రమే వెళ్తుందని, స్తంభాలు ఇన్ని అని, వాటి వల్ల భూమి మీద ఏ హక్కూ కోరబోమని, దింపుకు గాని దుక్కికి గాని అడ్డమైతే చెప్పిన వారంలో జరుపుతామని. ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు చాలు. ఆ కాగితం నకలు ఆపరేటరు చేతిలో పెట్టండి, ఆయన వెనకాడడానికి ఉన్న అతి పెద్ద కారణం అక్కడితో పోతుంది.

దీనికంటె బలమైన ఉపాయం ఒకటి ఉంది. ఆ రైతులను, మీ చుట్టుపక్కల తోటల్లో ఉన్న మరో ఇద్దరు ముగ్గురిని కనెక్షను తీసుకోవడానికి ఒప్పించండి. ఆపరేటరు కళ్లతో చూస్తే ఒక్క నెలవారీ బిల్లు కోసం కిలోమీటరు తీగ లాగడం, ఆ తరువాత ఏళ్ల తరబడి దానిని కాపాడటం గిట్టుబాటు కాదు. నాలుగు ఇళ్లు ఉంటే లెక్క మారుతుంది. మీ వైపుకు నాలుగో ఆరో పోగులున్న కేబుల్ ఒకటి లాగి, మీ తోట మొదట్లో ఎనిమిదికి చీల్చే పెట్టె పెడతారు. అప్పుడది ఒకరి ఇంటి డ్రాప్ లైనుగా కాక, ఆయన నెట్‌వర్కులో ఒక భాగంగా లెక్కకు వస్తుంది, మరమ్మతుకు కూడా ఆ తేడా కనబడుతుంది. ఈ స్ప్లిటరు అదనంగా పదిన్నర డీబీలు తింటుంది కాబట్టి, ఊరి పెట్టెలో ఇప్పటికే చీల్చిన పోగు నుంచి కాక, దానికి ముందరి మెట్టు నుంచి ప్రత్యేకంగా ఒక పోగు ఇవ్వమని అడగాలి. పక్క రైతు తన తోటలోంచి వెళ్లే తీగ తన ఇంటికీ పనికివస్తున్నదని తెలిస్తే, దాని మీద మట్ట పడినప్పుడు తానే తీసి పక్కన పెడతాడు.

పని జరిగే రోజున మీరు దగ్గరుండి చూడవలసినది జాయింటు. పై పొర ఒలిచిన పోగు మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లు మాత్రమే. పనివాడు పై పొర ఒలిచి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, క్లీవర్‌లో పెట్టి టిక్కుమనిపించి కోస్తాడు. కోసిన రెండు కొసలనూ స్ప్లైసింగ్ మిషనులో ఎదురెదురుగా పెడితే చిన్న తెర మీద అవి రెండు కడ్డీల వలె కనబడతాయి. మిషను వాటిని తానే వరుసకు తెచ్చి ఒక మెరుపుతో అతికించి, కింద 0.02 అనో 0.04 అనో అంచనా నష్టం చూపిస్తుంది. 0.1 దాటితే మళ్లీ కోసి అతకమనండి. మంచి పనివాడు మీరు అడగకముందే ఆ పని చేస్తాడు. తోటలో గాలికి ఎగిరే ధూళి, చేతి చెమట ఆ కొసకు శత్రువులు కాబట్టి, ఆటోలోనో వరండాలోనో కూర్చుని చేయించండి. మిషను తీసుకురావడం బద్ధకమై కొందరు చేతితో బిగించే కనెక్టరుతో ముగిస్తారు. దానిలోని జెల్ మన తేమకూ ఎండకూ కొన్ని నెలల్లో పాడై, లైను ఉదయం ఉంటూ మధ్యాహ్నం పోతూ సతాయిస్తుంది. రెండు చివరలా మిషను జాయింటే కావాలని ముందే చెప్పండి. కనెక్టరు రంగు కూడా చూడండి. ఆకుపచ్చదానిని ఆకుపచ్చ దానిలోనే గుచ్చాలి. ఆకుపచ్చలో నీలం గుచ్చితే లైను వెలిగినట్టే ఉంటుంది గాని, కొసలు సరిగా ఆనక వెలుగు నష్టపోతుంది.

వరద సంగతికి వస్తే, మీది గట్టు లోపలి ఇల్లు కాబట్టి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగరేస్తారని మీకు నేను చెప్పనక్కరలేదు. లైను వేసేటప్పుడు ఆ అంకెలకు అర్థం ఏమిటంటే, మొదటి హెచ్చరిక తరువాత మీ దగ్గరకు ఏ పనివాడూ రాడు. అందుచేత నీరు తగ్గేవరకు తీగ తనంతట తాను నిలబడాలి. జాయింటు పెట్టెలు, స్ప్లిటరు పెట్టె స్తంభం మీద 1986 ఆగస్టు వరద మట్టానికి పైన ఉండాలి. ఆ మట్టం మీ ఊరి గుడి గోడ మీదో పెద్దవారి జ్ఞాపకంలోనో ఉంటుంది. లేదంటే 2022 జూలై మట్టానికి రెండు మూడు అడుగులు కలుపుకోండి. ఓఎన్టీని మేడ మీద గదిలో పెట్టించండి, పెంకుటిల్లు అయితే అటక ఎత్తున. దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొంటే కరెంటు లేని గంటల్లో కూడా నెట్టు నడుస్తుంది, ఎందుకంటే దారిలో కరెంటు అవసరమయ్యేది ఏదీ ఉండకూడదని ముందే తేల్చుకున్నాం. ఇంటి దగ్గర ఒక చుట్ట, ఊరి స్తంభం దగ్గర ఒక చుట్ట, చెరో 15 మీటర్లు అదనపు తీగ వదిలించండి. ఇంకో 100 మీటర్ల అదే రకం తీగ కొని అటక మీద పడేసి ఉంచండి. వరద తగ్గిన వారంలో అందరి లైన్లూ తెగి ఉంటాయి, ఆపరేటరు దగ్గర తీగ అయిపోతుంది. తీగ చేతిలో ఉన్న ఇంటికి మనిషి ముందు వస్తాడు.

ఒకవేళ ఆ రైతుల్లో ఒకరు ఎంతకీ ఒప్పుకోకపోతే, లేదా మీ ఇల్లు నదీపాయకు అవతల ఉండి కాజ్‌వే తప్ప దారి లేకపోతే, అప్పుడు రేడియో లింకు మిగులుతుంది. ఇది చదివే బూరుగులంక, ఊడిమూడిలంక వైపువారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. వరదకు మునిగే కాజ్‌వే వెంట తీగ వేయడం డబ్బును ఏటిలో వేయడమే. ఇవతలి ఒడ్డున బంధువుల ఇంట్లో మీ పేరు మీద ఫైబర్ కనెక్షను తీసుకుని, అక్కడొకటి మీ మేడ మీద ఒకటి చొప్పున 5 గిగాహెర్ట్‌జ్ రేడియోలు ఎదురెదురుగా బిగిస్తారు. నిర్ణీత శక్తి పరిమితులలో ఈ తరంగాలకు మన దేశంలో 2018 నుంచి లైసెన్సు అవసరం లేదు. అయితే ఒక చోట తీసుకున్న కనెక్షనును మరో ఇంటికి మోసుకువెళ్లడానికి ఆపరేటరు ఒప్పుకున్నాడో లేదో ముందే అడిగి, ఒప్పుకుంటే రాయించుకోండి.

రేడియోకు కొబ్బరాకు పెద్ద విరోధి. ఎదురుగా ఉన్న మేడ కంటికి కనిపిస్తే చాలదు. రెండిటి మధ్య గీత చుట్టూ కొంత ఖాళీ ఉండాలి. కిలోమీటరు దూరానికి నడిమధ్యలో ఆ ఖాళీ గీతకు అన్ని వైపులా మూడున్నర మీటర్లు, రెండు కిలోమీటర్లకు అయిదు మీటర్లు ఉంటే శ్రేష్ఠం, అందులో అరవై శాతమైనా తప్పదు. తడిసిన మట్టలు ఆ ఖాళీలోకి ఊగితే వానరోజున లింకు పడిపోతుంది. ఎదిగిన కొబ్బరి కంటే ఎత్తుగా స్తంభం వేయడం ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. అందుకే చెట్లు లేని నడవ వెతకాలి. డెల్టాలో అలాంటి నడవలు ఉన్నాయి: తిన్నగా సాగే కాలువ, ఏటిపాయ, వరిచేలు. కాలువ మలుపులో ఉన్న ఏ ఇంటి మేడ నుంచి మీ మేడ కనబడుతుందో చూస్తే, మీ రెండో కొస అక్కడే. స్తంభానికి విడిగా ఎర్తు, రేడియో నుంచి దిగే కేబుల్‌కు పిడుగు రక్షణ తప్పనిసరి. ఉద్యోగానికి ఇది చాలుతుంది గాని, ఫైబర్ దారి దొరికే అవకాశం ఇంకా ఉండగా దీనికి డబ్బు పెట్టవద్దని నా అభిప్రాయం. 5జీ సిగ్నల్‌తో ఇంటికి నెట్టు ఇచ్చే డబ్బాలు కూడా వచ్చాయి. మేడ మీద ఫోనులో 5జీ నిలకడగా అందితే మాత్రమే వాటి గురించి ఆలోచించండి, తీసుకునే ముందు సాయంత్రం ఎనిమిది గంటల వేళ వేగం పరీక్షించండి.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. ఉచితంగా ఇచ్చే తీగ సాధారణంగా కొద్ది మీటర్లే, ఆపైన ఖర్చు మీది. తీగకు ఎంత, స్తంభాలకు ఎంత, కూలికి ఎంత అని విడివిడిగా రాయించుకుని, మీరు కొన్న తీగ, స్తంభాలు మీవేనని ఆ కాగితంలోనే పెట్టించండి. రేపు ఆపరేటరును మార్చవలసి వస్తే అదే దారి మీద కొత్త ఆపరేటరు పెట్టెకు కలుపుకోవచ్చు. కనెక్షను తరువాత ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు తీసుకోండి. అది తీరకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, అక్కడికి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను నేరుగా పరిష్కరించదు కాబట్టి ముందుగా అక్కడికి రాసి కాలం పోగొట్టుకోకండి.

పని చేయించడానికి సంక్రాంతి దాటిన తరువాత, కాలువలు కట్టక ముందు ఉన్న రోజులు అనుకూలం. నేల గట్టిపడి స్తంభం నిలుస్తుంది, వాన ఉండదు. పని పూర్తయిన సాయంత్రం పనివాడు వెళ్లిపోక ముందే మీ గోడ దగ్గర పవర్ మీటరు అంకె చూపించమని, ఫోనులో ఫొటో తీసుకోండి. మైనస్ 25 కంటె మెరుగ్గా ఉంటే తీసుకోవచ్చు. ఆ అంకెను, తీగ మీద రాసి ఉన్న మొదటి మీటరు గుర్తును, ఆఖరి మీటరు గుర్తును ఓఎన్టీ పక్కన గోడ మీద పెన్సిలుతో రాసి ఉంచండి. ఎప్పుడైనా ఎర్ర లైటు వెలిగి లైను తెగినప్పుడు, వచ్చినవాడు తెగిన చోటు ఎంత దూరమో చెప్పే ఓటీడీఆర్ మిషను పెట్టి "ఇక్కడికి 430 మీటర్ల దగ్గర తెగిందండి" అంటే, తీగ మీది గుర్తులను బట్టి అది ఏ స్తంభానికీ ఏ స్తంభానికీ మధ్యనో మీరు ఇంట్లో నిలబడే చెప్పగలుగుతారు.